ఐలర్ట్ చెట్టు కింద తడి

ఏప్రిల్ 14, సోమవారం

నలభై రెండు సెకన్లు. పోయిన వారం కూడా నలభై రెండే. రిజిస్టర్‌లో రాసి, సంతకం పెట్టి, రేకు పెట్టెకి తాళం వేసి దిగొచ్చాను. దారి పొడుగునా మోకాలు నన్ను తిడుతూనే ఉంది.

ఈ పని మా ఆయన నాకు మిగిల్చిన ఆస్తి. ఐలర్ట్ ముప్ఫై ఏళ్ళ పాటు ప్రతి సోమవారం చెరువు కట్ట దగ్గరికి ఎక్కేవాడు. కట్ట అడుగున ఊట నీళ్ళు పడేచోట పది లీటర్ల బకెట్ పెట్టి, అది ఎన్ని సెకన్లకి నిండిందో రాసుకునేవాడు. త్వరగా నిండితే ఊట పెరిగినట్టు, ఆలస్యంగా నిండితే తగ్గినట్టు. అంతకు మించి శాస్త్రమేమీ లేదు. ఆయన పోయిన మర్నాడు చెరువు సంఘం అధ్యక్షుడు హాల్వార్డ్ పరామర్శకి వచ్చి, పూలతోపాటు ఆ పెట్టె తాళంచెవి కూడా నా చేతిలో పెట్టి పోయాడు. వద్దనడానికి నాకు నోరు రాలేదు.

ఇవాళ హాల్వార్డ్ మళ్ళీ దిగాడు. చెట్టు సంగతి. కట్ట కట్టిన తాతల కాలం నుంచీ మా పదకొండు కుటుంబాల పద్ధతి ఒకటుంది. బిడ్డ పుడితే కట్ట వాలు మీద ఆ బిడ్డ పేరున ఒక బర్చ్ మొక్క నాటుతాం. మనిషి పోతే ఏడాది తిరిగేలోగా ఆ చెట్టు కొట్టి, జూన్ ఇరవై మూడున చెరువు గట్టున వేసే మంటలో కాల్చి, అందరం కాఫీ తాగి ఆ మనిషిని తలుచుకుంటాం. ఇప్పుడు కట్ట మీద నలభై రెండు చెట్లున్నాయి. నలభై ఒక్కటి బతికున్నవాళ్ళవి.

ఐలర్ట్ పోయి నాలుగేళ్ళు. మొదటి ఏడు రంపం మొద్దుబారిందని చెప్పాను. రెండో ఏడు చెట్టు మీద పిట్ట గూడు పెట్టిందన్నాను. మూడో ఏడు మోకాలు అడ్డుపడింది. ఈ ఏడు ఏం చెప్పాలో ముందుగా ఆలోచించుకోలేదు. అందుకని కాఫీ పోసి, వాళ్ళావిడ నడుంనొప్పి ఎలా ఉందని అడిగాను. అరగంట ఆ నొప్పి గురించే చెప్పి, వచ్చిన పని మరిచిపోయి వెళ్ళాడు. పాపం, మంచివాడే.

ఏప్రిల్ 28, సోమవారం

నలభై నాలుగు. ఐలర్ట్ చెట్టు మొదట్లో గడ్డి అప్పుడే పచ్చబడింది. కట్టంతా ఇంకా ఎండుగడ్డే. ఈయనకి అన్నిటికీ తొందరే, పెళ్ళికి కూడా అంతే.

మే 5, సోమవారం

నలభై తొమ్మిది. ఊట తగ్గుతోందని ఫోన్ చేసి చెబితే హాల్వార్డ్ ఆనందం పట్టలేకపోయాడు. వయసు పైబడేకొద్దీ కట్ట తనంతట తానే గట్టిపడుతోందట. ఆయన మోకాళ్ళూ నా మోకాళ్ళూ ఎందుకు గట్టిపడట్లేదో అడగలేదు.

దిగేటప్పుడు వదిన ఇంట్లో ఆగాను. బోర్గిల్డ్ వదిన ఐలర్ట్‌కి అక్క, ఎనభై మూడేళ్ళు. కట్ట దిగువన మొట్టమొదటి ఇల్లు ఆవిడదే. వంటింటి కిటికీలోంచి చూస్తే ఆకాశం జానెడు, మిగిలినదంతా కట్టే. తమ్ముడు పుట్టినప్పుడు మొక్కని గంపలో పెట్టుకుని పైకి మోసింది తనేనని ఇప్పటికి నాకు వందసార్లు చెప్పింది. ఇవాళ నూటొకటోసారి చెప్పింది. మనవరాలు ఇంగ్విల్ రెండు నెలల పాపతో ఆవిడ దగ్గరే ఉంటోంది. మొగుడికి సముద్రం మీద పని, మూడు వారాలకోసారి ఇల్లు చూస్తాడు. పాప పేరు అస్లౌగ్. నన్ను చూసి ఆవులించింది.

ముక్కు అచ్చం ఐలర్ట్‌దే అంది వదిన. ఆడపిల్లకి అంత శాపం పెట్టకండి వదినా అన్నాను. ఇంగ్విల్ పడీపడీ నవ్వి, పాపని నా ఒళ్ళో పెట్టి, "ఎత్తుకో చిన్నమ్మమ్మా, నేను స్నానం చేసొస్తా" అని పోయింది. పాప ఒళ్ళో అరగంట పడుకుంది. కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు నేను.

మే 17, శనివారం

మా దేశపు జెండా పండగ. వదిన పెళ్ళినాటి పండగ బట్టలు వేసుకుంది, వెనక గుండీలు పట్టలేదు. పైన శాలువా కప్పుకుని, చలేస్తోందని అందరికీ చెప్పుకుంది. ఎండ మండిపోతోంది.

మే 26, సోమవారం

యాభై ఐదు.

చెట్టు మొదట్లో తడిగా ఉంది. బూటు మడమ దాకా దిగబడింది. మంచు కరిగిన నీళ్ళు. కొండ మీద ఇంకా మంచుంది కదా.

రిజిస్టర్‌లో బకెట్‌కి ఒక గడి ఉంది, వానకి ఒక గడి ఉంది. తడికి గడి లేదు.

జూన్ 7, శనివారం

ఏటా చేసే శ్రమదానం ఇవాళ. పదకొండు ఇళ్ళవాళ్ళూ వచ్చారు. గడ్డి కోశారు, అలుగులో పడ్డ కొమ్మలు తీశారు, తూము చక్రానికి ఎర్రరంగు వేశారు. ఆ చక్రాన్ని తిప్పి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తులేదు. రంగు మాత్రం ఏటా వేస్తాం. దాన్ని చూసి నాకే ముచ్చటేసింది.

తర్వాత పాప మొక్క. ఇంగ్విల్ గుంట తవ్వింది, వదిన మొక్క పట్టుకుంది, హాల్వార్డ్ ఉపన్యాసమిచ్చాడు. ఊట తగ్గిందనీ, కట్ట నూరేళ్ళు దాటాక కూడా కుర్రదానిలా ఉందనీ, దానికి కారణం ఈ చెట్ల వేళ్ళేననీ, మట్టిని జడలా అల్లి పట్టుకున్నాయనీ చెప్పాడు. ఆపైన కట్ట చూసుకుంటున్నందుకు నాకు చప్పట్లు కొట్టించాడు. రెండు అడుగులు ముందుకు వేసి తల ఊపాను.

నిజానికి నిలబడ్డ చోటు వదలడం నాకు ఇష్టం లేదు. వాఫుల్స్ పోసే బల్ల నేనే వేయించాను. ఐలర్ట్ చెట్టు పక్కన నీడ బాగుంటుందని చెప్పి, సరిగ్గా ఆ తడి మీదే వేయించాను. కింద రెండు చెక్కలు పరిచాను. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా అక్కడే నిలబడి వాఫుల్స్ పోస్తూనే ఉన్నాను. ఎవరైనా ఇటు రాబోతే, ప్లేటు అందుకోండి, అటు గాలి బాగుంది, అటు కూర్చోండి అని తోలాను. అరవై రెండు వాఫుల్స్ అయ్యాయి. ఇంత మర్యాద నాలో ఎప్పుడూ చూళ్ళేదని వదిన అంది. నా బూట్ల వంక చూసి, ఇంకో రెండు వాఫుల్స్ తిని వెళ్ళింది.

ఎవరికైనా అనుమానం వస్తే ఏమంటారో నాకు తెలుసు. మొదట అనేది చెట్టు గురించే. నాలుగేళ్ళ కిందటే కొట్టాల్సిందని అంటారు. గంటలో రంపం తెస్తారు.

ఎండాకాలం పోతే అదే ఆరుతుంది.

జూన్ 16, సోమవారం

యాభై ఎనిమిది. ఇంకేం లేదు.

జూన్ 30, సోమవారం

కట్టలు తనిఖీ చేసే ఆఫీసు నుంచి ఇంజనీరు వచ్చింది. పంతొమ్మిదేళ్ళ తర్వాత మొదటిసారి. పేరు తీరిల్, ముప్ఫై కూడా ఉండవు, నడుముకి రకరకాల కొలతబద్దలు. హాల్వార్డ్ టై కట్టుకుని వచ్చాడు. కొండ ఎక్కేసరికి టై జేబులోకి చేరింది.

కట్ట మీదికి రాగానే ఆ పిల్ల నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. తర్వాత చెట్లు లెక్కపెట్టింది. పాప మొక్కతో కలిపి నలభై మూడు. ఒక్కో చెట్టూ ఎవరిదో హాల్వార్డ్ గర్వంగా చెబుతూ పోయాడు. పాపం, ఆ పిల్లకి ఆయన్ని నొప్పించాలని లేదు, చెప్పకుండా ఉండడానికీ లేదు. మట్టికట్ట మీద చెట్టన్నదే ఉండకూడదట. బతికున్న వేరు కంటే చచ్చిన వేరు ఇంకా ప్రమాదమట, అది కుళ్ళిపోతే లోపల గొట్టంలా ఖాళీ మిగులుతుందట, నీళ్ళు ఆ గొట్టం వెతుక్కుంటాయట. ఇన్నేళ్ళూ చెట్లు కొట్టి మొదళ్ళు భూమిలోనే వదిలేశారా అని అడిగింది. మొదలు తవ్వితే కట్ట పాడవుతుంది కదమ్మా అన్నాడు హాల్వార్డ్. తీరిల్ కాసేపు కళ్ళు మూసుకుంది.

బకెట్ లెక్క చూసి ఇంకా కంగారుపడింది. నలభై రెండు నుంచి అరవై రెండుకి ఎందుకు పోయిందని అడిగింది. ఊట తగ్గింది కదా అన్నాం. నీళ్ళు ఊరికే తగ్గవు, వేరే దారి దొరికి ఉండొచ్చు అంది. "ఇది కాక ఇంకెక్కడైనా తడి ఉందా, గున్‌వోర్ గారూ?"

ఇద్దరూ నా వంకే చూశారు.

లేదన్నాను.

అలుగు చూపిస్తానని అటు తీసుకుపోయాను. ఇటు, ఐలర్ట్ చెట్టు వైపు, పది అడుగులు వేసి ఉంటే తనే చూసేది. మా ఇంట్లో రుబార్బ్ కేక్ పెట్టాను, రెండు ముక్కలు తింది, వాళ్ళమ్మ చేసినట్టే ఉందంది. పోతూ పోతూ ఫోన్ నంబరిచ్చింది. ఊట నీళ్ళు తేటగా ఉన్నంతవరకు కొంత టైముంటుందట. బురద రంగు తిరిగితే మాత్రం కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తున్నట్టట, ఆ క్షణమే ఫోన్ చెయ్యాలట. చెట్ల సంగతి, మరమ్మతు సంగతి ఆకురాలే కాలంలో పెద్ద మీటింగు పెట్టి తేలుద్దామంది.

నంబరు ఫ్రిజ్ మీద అంటించాను. పిల్ల మంచిది.

జూలై 14, సోమవారం

అరవై ఎనిమిది. తడి ఇప్పుడు నడుస్తోంది. చిన్న ధార, చిటికెనవేలంత. తేటగానే ఉంది. కప్పలు కూడా చేరాయి.

చెట్టుకి వీపు ఆనించి కూర్చున్నాను. మాట్లాడాను కూడా. డెబ్భై ఒక్కేళ్ళ మనిషిని, ఇక్కడ రాసుకోవడానికి సిగ్గేమిటి. ఏవోయ్, బతికుండగా ఇంటి కప్పు కారితే గిన్నె పెట్టి పేపరు చదువుకునేవాడివి, ఇప్పుడు చచ్చాక చెరువు కారుస్తున్నావా అన్నాను. గాలికి నాలుగు ఆకులు రాలాయి. నువ్వెప్పుడూ అంతే, ఏదడిగినా సమాధానం చెప్పవు.

శ్మశానంలో రాయి ఉంది. రాతి మీద పేరుంది. అక్కడికి పోతే నాకు ఏడుపు రాదు, మాటా రాదు. ఇక్కడైతే రెండూ వస్తాయి. దీన్ని కొట్టాక నేను సోమవారాలు ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్న హాల్వార్డ్‌ని అడిగితే కాఫీ సమావేశం పెడతాడు.

దిగేటప్పుడు వదిన కిటికీలోంచి పిలిచి, పైన ఎలా ఉందే అంది. మంచు కరుగుతోంది వదినా, కొంచెం చెమ్మగా ఉంది అన్నాను. జూలైలో మంచా అని ఆవిడ అడగలేదు. చూసి నడువమ్మా అని మాత్రం అని కిటికీ వేసింది.

జూలై 28, సోమవారం

డెబ్భై ఒకటి. చెక్కలు ఇంకో రెండు వేశాను. పైన నాచు కప్పాను, బాగా కుదిరింది.

ఆగస్టు 4, సోమవారం

వాన. డెబ్భై నాలుగు. చెరువు అలుగు అంచుకి వచ్చింది. వారం రోజులు వానే అని రేడియో.

ధార తేటగానే ఉంది. దోసిట్లో పట్టి చూశాను. కొంచెం ఇసుక ఉంది. వానకి ఎక్కడైనా ఇసుక కొట్టుకొస్తుంది.

ఆగస్టు 7, గురువారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఇక్కడైనా రాయాలి.

ఇవాళ సోమవారం కాదు, అయినా పొద్దున్నే ఎక్కాను. రెండు రోజులుగా నిద్ర లేదు. చెట్టు దగ్గర చెక్కలు లేవు, కొట్టుకుపోయాయి. అవి ఉన్నచోట చీమల పుట్టలా ఇసుక కుప్ప లేచి ఉంది. దాని నడినెత్తి నుంచి నీళ్ళు ఉబుకుతున్నాయి. పాలు కలిపిన కాఫీ రంగు.

భయం వేసింది, చాలా భయం వేసింది. ఐలర్ట్ మీదికి కాదు, చెట్టు మీదికి కాదు, నా ఒళ్ళో అరగంట పడుకున్న పాప మీదికి పోయింది మనసు. కట్ట మీద ఫోన్ పనిచేయదు. పరిగెత్తాను. మోకాలు ఏమైనా అందేమో నాకు వినపడలేదు.

వదిన ఇంటి తలుపు తోసుకుని వెళ్ళి, పాపని తీసుకుని ఎత్తు మీదున్న స్కూలుకి పొండి, ఇప్పుడే, ఏమీ తీసుకోవద్దు అని ఇంగ్విల్‌తో అన్నాను. నా మొహం చూసి ఆ పిల్ల ఒక్క ప్రశ్న అడగలేదు. వదిన మాత్రం పండగ బట్టల పెట్టె లేకుండా కదలనంది. పెట్టె నేనే కారులో పడేశాను.

తీరిల్‌కి ఫోన్ చేశాను. ఎప్పటి నుంచి అని అడిగితే ఇవాళే చూశానన్నాను. అప్పుడు కూడా. దాచడానికి ఇంకేం మిగిలిందో. రంధ్రం మూయొద్దంది, మూస్తే ఇంకోచోట పగులుతుందట. కంకర పోయించండి, నీళ్ళని రానివ్వండి, మట్టిని ఆపండి, తూము తెరవండి, దిగువ ఇళ్ళన్నీ ఖాళీ చేయించండి అని ఒక్క గుక్కలో చెప్పి, బయల్దేరింది.

హాల్వార్డ్ ట్రాక్టర్‌తో కంకర తోలాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి, ఆ బురదలో ఐదుసార్లు ఎక్కి దిగాడు. తూము చక్రం కదల్లేదు. ఏటేటా వేసిన ఎర్రరంగు మరలని జిగురులా పట్టేసింది. మంట పెట్టి రంగు కాల్చి, గొట్టం తగిలించి ఆరుగురు వేలాడితే మధ్యాహ్నానికి తూము తలుపు బెత్తెడు లేచింది. సాయంత్రానికి మూరెడు. ఏడు ఇళ్ళు ఖాళీ అయ్యాయి. చెరువు దిగడం మొదలైంది.

ఆగస్టు 8, శుక్రవారం

గండి పడలేదు. కట్ట నిలబడింది. తీరిల్ పొద్దున వచ్చి చెప్పింది. ఇంకో పూట ఆలస్యమైతే నిలబడేది కాదు, ఆ ఇల్లు మొదట పోయేది అని కూడా చెప్పింది. ఏ ఇల్లో వేరే చెప్పనక్కర్లేదు.

స్కూలు ఆటల గదిలో పరుపుల మీద ఉన్నాం. వదినా నేనూ పక్కపక్కనే. ఇక దాచలేకపోయాను. మే నెల నుంచీ నాకు తెలుసు వదినా అన్నాను. ఆవిడ పెట్టె మూత సర్దింది.

"జూన్ మంటనాటి నుంచి నేనూ చూస్తున్నానే. పొద్దుటి ఎండకి కిటికీలోంచి మెరిసేది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే వాడిని కొట్టేస్తారు కదే."

నవ్వొచ్చింది. ఇద్దరం నోటికి దుప్పటి అడ్డం పెట్టుకుని నవ్వాం, కళ్ళంట నీళ్ళొచ్చేదాకా. బల్ల వేసి వాఫుల్స్ పోశావు చూడు, అబ్బో, ఏం తెలివే నీది అంది. ఎదురుగా గోడవారన ఇంగ్విల్ పాపకి పాలిస్తోంది. రాత్రంతా నిద్రలేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆ కళ్ళెత్తి మా వంక చూసింది. మా నవ్వు ఆగిపోయింది.

పోయిన మనిషి కోసం ఇద్దరు ముసలివాళ్ళం ఐదు నెలల బిడ్డని పణంగా పెట్టాం. ఇలా రాస్తే ఎలా ఉందో చూద్దామని రాశాను. అలాగే ఉంది.

ఆగస్టు 20, బుధవారం

చెరువు సగానికి దిగాక కట్ట తవ్వి చూశారు. తీరిల్ నన్ను పిలిచి చూపించింది. లోపల నా చెయ్యి పట్టేంత బుంగ, నున్నగా, అటు నుంచి ఇటు దాకా. కుళ్ళిన వేరు వెంబడే పోయింది. ఆ వేరు ఐలర్ట్ చెట్టుది కాదు. పక్కనే ఇరవై ఏడేళ్ళ కిందట పద్ధతి ప్రకారం కొట్టి, పద్ధతి ప్రకారం కాల్చి, కాఫీ తాగిన హాల్వార్డ్ వాళ్ళ నాన్న చెట్టుది.

"మీ ఆయన చెట్టు తప్పేం లేదండీ," అంది తీరిల్.

ఒక్క క్షణం ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చూశారా, మా ఆయన కాదు అని అరవాలనిపించింది. ఆ తర్వాత తేదీలు లెక్కేసుకున్నాను. మే నెలలో నేను నోరు తెరిచి ఉంటే, రెండు రోజులు తవ్వి ఇదే మాట చెప్పేవాళ్ళు. పాప తన ఉయ్యాలలో సుఖంగా నిద్రపోయేది. ఏ తప్పూ చేయనివాణ్ణి కాపాడడానికి ఇంత తప్పు చేశాను.

ఎలాగూ చెట్లన్నీ పోవాలి, ఈసారి మొదళ్ళతో సహా.

ఆగస్టు 30, శనివారం

కొట్టాం. ఎవరి చెట్టు వాళ్ళే. నా రంపం మొద్దుబారలేదు, అదెప్పుడూ మొద్దుబారలేదు. వదిన కుర్చీ వేసుకుని కూర్చుని, అటు పడుతుంది, ఇటు పడుతుంది అని అజమాయిషీ చేసింది. పడ్డాక మాత్రం కుర్చీలోంచి లేచి, మానుని చేత్తో నిమిరి, వచ్చి కూర్చుంది. నేను ఏడ్చాను. దాచుకోలేదు.

హాల్వార్డ్ తన చెట్టు తను కొట్టలేకపోయాడు. వంకర చెట్టది, ఆయనకి ఆ సంగతి తెలియదని నలభై ఏళ్ళుగా వెనకాల నవ్వుకుంటున్నాం. తెలుసట. అందుకే దాని మీద అంత ఇష్టమట. నన్ను కొట్టమన్నాడు. కొట్టాను.

ఇంగ్విల్ పాప మొక్క రెండు వేళ్ళతో పీకేసింది.

సెప్టెంబర్ 6, శనివారం

స్కూల్లో మీటింగ్. అందరూ ఉన్నారు. తీరిల్ కాగితం చదివింది, మరమ్మతు వచ్చే ఏడు, అంతవరకు చెరువు సగమే నింపాలి, ప్రతి సోమవారం ఊట చూడడం మాత్రం ఆపకూడదు. చివర హాల్వార్డ్ లేచి, సకాలంలో చూసి ఊరుని కాపాడినందుకు నాకు కృతజ్ఞతలన్నాడు. చప్పట్లు మొదలయ్యాయి.

అవి వినలేకపోయాను. లేచి చెప్పేశాను. మే ఇరవై ఆరు, బల్ల, చెక్కలు, నాచు, తీరిల్‌కి చెప్పిన 'లేదు', ఫోన్‌లో చెప్పిన 'ఇవాళే'. వదిన పేరు ఎత్తలేదు. ఆవిడే లేచి, నేనూ అంది. తాళంచెవి బల్ల మీద పెట్టాను. ఇంకెవరికైనా ఇవ్వండన్నాను.

తీరిల్ కాగితాల వంక చూస్తూ ఉండిపోయింది. హాల్వార్డ్ గొంతు సవరించుకుని, ముందు ఆ మొదలు తన నాన్న చెట్టుదేననీ, దాన్ని భూమిలో వదిలేసిందీ, చక్రానికి రంగు వేయించిందీ తనేననీ, అందరిలో తలా కాస్త ఉందనీ మొదలుపెట్టాడు. నన్ను కాపాడదామని. అప్పుడు ఇంగ్విల్ లేచింది. పాప భుజం మీద నిద్రపోతోంది, అందుకని మెల్లగా మాట్లాడింది.

"గున్‌వోర్ గారు చెప్పింది విన్నాను," అంది. పుట్టి బుద్ధెరిగి ఆ పిల్ల నన్ను చిన్నమ్మమ్మా అని తప్ప పిలవలేదు. "ఈవిడకి తెలిసి, మా అమ్మమ్మకి తెలిసి, నేను రోజూ నా బిడ్డని ఆ కట్ట కింద పడుకోబెట్టాను. నాకు ఒక్కదానికే తెలియదు. నన్నిప్పుడు క్షమించమని అడక్కండి. నా వల్ల కాదు."

అడగలేదు నేను. తల ఊపానేమో.

హాల్వార్డ్ తాళంచెవి అందుకోబోయాడు. ఇంగ్విల్ ముందుకొచ్చి తనే తీసుకుంది.

"పని మానేస్తే ఈవిడకి సులువవుతుంది," అంది. "మానొద్దు. సోమవారం నేనూ వస్తాను."

సెప్టెంబర్ 8, సోమవారం

ఎనిమిది కొట్టకముందే తలుపు చప్పుడైంది. వాన తుంపరగా పడుతోంది. ఇంగ్విల్, వీపున పాప. కాఫీ పెట్టానన్నాను, వద్దని తల తిప్పింది. నేను బూట్లు వేసుకునేదాకా గుమ్మంలోనే నిలబడింది.

కొండ ఎక్కుతుంటే నేను రెండుసార్లు ఆగాను. ఆ రెండుసార్లూ నాలుగు అడుగుల ముందు తనూ ఆగింది. వెనక్కి తిరిగి చూడలేదు. పాప మాత్రం టోపీ కింద నుంచి దారి పొడుగునా నన్నే చూస్తూ వచ్చింది. కట్ట మీద చెట్లు లేవు, గాలి తిన్నగా మొహానికి కొడుతోంది. అడుగు నుంచి పై దాకా, ఈ చివర నుంచి ఆ చివర దాకా, ప్రతి అడుగూ నడిపించింది నన్ను. ఎక్కడ తడి కనిపించినా వేలు పెట్టి చూపించాను. ప్రతిసారీ వంగి, తన చేత్తో తాకి చూసుకుంది. నా మాట మీద ఒక్కటీ నమ్మలేదు.